వంటింటి సందేహాలు: చవక ముక్కతో మెత్తని స్టేక్

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాం, ఇంట్లో నలుగురం. రెస్టారెంట్‌లో స్టేక్, అంటే మందంగా కోసి కాల్చిన బీఫ్ ముక్క, తినాలంటే ఖర్చు ఎక్కువవుతోందని ఇంట్లోనే చేద్దామనుకుని రెండు పౌండ్ల ఫ్లాంక్ స్టేక్ తెచ్చాను. వేటమాంసానికి పట్టించినట్టే పెరుగు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. మర్నాడు నాన్‌స్టిక్ పెనం మీద మూతపెట్టి, మధ్యరకం మంట మీద నీరంతా ఇగిరేదాకా పాతిక నిమిషాలు వండాను. తోలు నమిలినట్టు ఉంది. మరోసారి ప్రెషర్ కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానిచ్చాను, అప్పుడూ గట్టిగానే ఉంది. అసలు ఎంతసేపు ఊరబెట్టాలి? చవకలో ఏ ముక్క కొనాలి? కోసినప్పుడు రక్తం కారితే మా పిల్లలు ముట్టరు, దానికేం చేయాలి?
ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీరు ఊరబెట్టడం గురించే ఎక్కువగా అడిగారు గాని, మీ స్టేక్ గట్టిపడటానికి కారణం మంటలోనూ, కత్తి పట్టిన తీరులోనూ ఉంది. ఉప్పూకారం పట్టించి, మూతపెట్టి, ఊరిన నీటిలోనే ఉడకనిచ్చి, ఆ నీరు ఇగిరాక వేయించే మన వేపుడు పద్ధతి లేత వేటమాంసపు చిన్న ముక్కలకు బాగా కుదురుతుంది. ఫ్లాంక్ స్వభావం వేరు. అది పశువు పొట్ట అడుగున పలకలా ఉండే కండ. దాదాపు అంగుళం మందాన ఉండే ఆ పలకలో పోగులు ఈ కొస నుంచి ఆ కొస దాకా, కంటికి స్పష్టంగా కనిపించేలా బారుగా సాగి ఉంటాయి. బాగా పనిచేసిన కండ కనుక రుచి దండిగా ఉంటుంది, పోగు మాత్రం మోటుగా ఉంటుంది.

ఆ కండను వేడి చేసినప్పుడు, 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి పోగుల చుట్టూ ఉన్న కొల్లాజెన్ అనే పొర ముడుచుకుపోయి, తడిగుడ్డను పిండినట్టు లోపలి రసాన్ని బయటికి తోసేస్తుంది. అదే కొల్లాజెన్ మళ్లీ కరిగి జిగురుగా మారాలంటే 70 డిగ్రీలు దాటిన తడి వేడిలో చాలాసేపు, మామూలు గిన్నెలోనైతే రెండు మూడు గంటలు ఉడకాలి. అంటే ఈ ముక్కకు రెండే దారులు ఉన్నాయి: కొల్లాజెన్ ముడుచుకోకముందే ఎర్రగా కాలిన పెనం మీద కొద్ది నిమిషాల్లో దించేయడం, లేదా అది కరిగేదాకా ఓపికగా ఉడికించడం. మీ పాతిక నిమిషాలూ, నాలుగు విజిల్సూ సరిగ్గా ఈ రెండింటి నడుమ ఆగిపోయాయి. క్యూబాలో ఇదే ఫ్లాంక్‌ను టొమాటోలతో, కాప్సికమ్‌తో కలిపి, పోగులు విడిపోయేదాకా ఉడికించి ‘రోపా వియెహా’ అనే కూర చేస్తారు, ఆ మాటకు పాత బట్టలు అని అర్థం. కాబట్టి మీరు కుక్కర్‌ను మరో అరగంట పొయ్యి మీద ఉంచి ఉంటే స్టేక్ కాకపోయినా మంచి కూర చేతికి వచ్చేది.

ఇక కొనే ముక్క సంగతి. ఫ్లాంక్, స్కర్ట్ అనేవి ఇప్పుడు నిజంగా చవక ముక్కలు కావు. 1930ల నాటికి మీ టెక్సస్ దక్షిణ సరిహద్దులోని పశువుల రాంచుల్లో, కాపరులుగా పనిచేసే మెక్సికన్ కూలీలకు కూలిలో భాగంగా ఇచ్చిన ముక్కల్లో స్కర్ట్ ఒకటి. పశువు పొట్టకు లోపల పటకాలా ఉండే కండ కనుక, స్పానిష్‌లో పటకాకు ఉన్న ‘ఫాహా’ అనే పేరు మీదనే వారు దానిని ‘ఫజీటా’ అన్నారు. ఆ వంటకం దేశమంతా పాకిన తరువాత ముక్క ధర కూడా పెరిగింది. ఎవరి కష్టం వల్ల ఒక ముక్కకు రుచి వచ్చిందో వారికే అది అందనంత దూరం పోవడం నాకు బాధగానే ఉంటుంది. నేడు ధర తక్కువగా ఉండి స్టేక్‌గా కాల్చడానికి పనికివచ్చేవి మెడ భుజం దగ్గరి చక్ ఐ, తొడ భాగపు టాప్ రౌండ్, సర్లాయిన్ టిప్. ‘లండన్ బ్రాయిల్’ అని చీటీ ఉన్న పొట్లం కనిపిస్తే అది ఒక ముక్క పేరు కాదని, వండే పద్ధతి పేరని గుర్తుంచుకోండి, లోపల ఉన్నది చాలాసార్లు టాప్ రౌండే. భుజం నుంచి తీసే ఫ్లాట్ ఐరన్ దొరికితే మాత్రం వదలవద్దు. పశువు మొత్తంలో వెన్ను కింద ఉండే టెండర్‌లాయిన్ అనే కండ తరువాత అంత మెత్తనిది ఇదే, మధ్యలో ఉండే గట్టి ఈనెను తీసేసి అమ్మడం ఈ శతాబ్దం తొలి ఏళ్లలో నెబ్రాస్కా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల పరిశోధకుల కృషి వల్ల వ్యాప్తిలోకి వచ్చింది.

ఊరబెట్టడం గురించి చెప్పవలసింది ఇది. మసాలా ఎంత ఘాటుగా ఉన్నా, ఎన్ని గంటలు ఉంచినా, అది ముక్కలోకి కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు. లోతుగా దిగేది ఒక్క ఉప్పే, దానికి గంటలు పడుతుంది గనుకనే ముందుగా పట్టించి ఉంచడంలో అర్థముంది. ఉప్పు పట్టిన కండ వేడిలో తన రసాన్ని కొంత ఎక్కువగా నిలుపుకుంటుంది. నిమ్మరసం మాత్రం పైపొరనే పట్టుకుని, ఎక్కువసేపు ఉంటే అక్కడి ప్రోటీన్‌ను పాలిపోయేలా చేసి పిండిపిండిగా మారుస్తుంది. అందుచేత పులుపు కొంచెమే వేసి, రాత్రంతా కాకుండా, ఉదయం పట్టించి సాయంత్రం వండడం మేలు.

మీ రెండు పౌండ్ల ముక్కకు, అంటే సుమారు 900 గ్రాములకు, మూడు పెద్ద చెంచాల సోయా సాస్, రెండు పెద్ద చెంచాల నూనె, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, దంచిన వెల్లుల్లి రెబ్బలు ఐదు, ఒక్కొక్క చిన్న చెంచా చొప్పున జీలకర్ర పొడి, కారం, బెల్లం తురుము, ముప్పావు చిన్న చెంచా మెత్తని ఉప్పు సరిపోతాయి. సోయా సాస్‌లోనే చాలా ఉప్పు ఉంటుంది గనుక విడిగా వేసేది తగ్గించాను. సోయా వాడకపోతే రెండు చిన్న చెంచాల ఉప్పు వేయండి. ఇదంతా గట్టి ప్లాస్టిక్ సంచిలో ముక్కతో పాటు వేసి, గాలి తీసేసి, రెండు గంటల నుంచి ఎనిమిది గంటల వరకు ఫ్రిజ్‌లోనే ఉంచండి. వంటగట్టు మీద ఊరబెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది, అది మంచిది కాదు. 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి.

వండే ముందు చేయవలసిన ముఖ్యమైన పని, మసాలాను వీలైనంత తుడిచేసి, ముక్కను పేపర్ టవల్‌తో రెండు వైపులా పొడిగా అద్దడం. ఇంత శ్రమపడి పట్టించిన మసాలాను తుడవమంటే మనసు ఒప్పదని నాకు తెలుసు. కాని పైన తడి ఉన్నంతసేపు ఆ నీరు ఆవిరవడానికే పెనం వేడి ఖర్చయిపోయి ముక్క ఉడుకుతుందే తప్ప ఎర్రబడదు. పైగా వెల్లుల్లి, బెల్లం మాడి చేదెక్కుతాయి. నాన్‌స్టిక్ పెనం అంత మంటకు తగదు. దోసెలు పోసే ఇనుప పెనం ఉంటే అదే స్టేక్‌కు సరైన సాధనం. దాన్ని ఐదు నిమిషాలు బాగా కాల్చి, కొద్దిగా వేరుశనగ నూనె రాసి, సన్నగా పొగ లేస్తున్నప్పుడు ముక్కను పరచండి. ముక్క పెద్దదైతే రెండుగా కోసి ఒకదాని తరువాత ఒకటి కాల్చండి, మూత మాత్రం పెట్టవద్దు. అంగుళం మందానికి ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఒకేసారి తిప్పాలన్న నియమమేమీ లేదు, నిమిషానికొకసారి తిప్పితే లోపల ఇంకా సమంగా కాలుతుంది.

సమయాన్ని మాత్రమే నమ్ముకోకుండా, సూదిలాంటి మొనతో వెంటనే వేడి చూపే థర్మామీటర్ ఒకటి కొనమని మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఒక్కసారి పాడైన స్టేక్ ఖరీదులోనే అది వచ్చేస్తుంది. దాన్ని పక్క నుంచి ముక్క నడుమకు గుచ్చి చూడాలి. హోటళ్లలో మీడియం రేర్ అనే, లోపల ఎర్రగా మిగిలే పదును 130 నుంచి 135 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం ముక్క మాంసానికి 145 డిగ్రీలు, అంటే 63 డిగ్రీల సెల్సియస్ వచ్చాక మూడు నిమిషాలు ఆగాలని చెబుతుంది. మీ ఇంట్లో పిల్లలు ఉన్నారు గనుక ఆ మాటే పాటించండి. పొయ్యి మీద ఉండగానే 145 చేరిందో లేదో చూసుకుని, ఆ తరువాతే దించండి. ముక్క మెత్తబడుతుందని ఫోర్కుతో గాట్లు పొడిచే అలవాటు ఉంటే, లేదా పొట్లం మీద యంత్రపు సూదులతో మెత్తబరిచినట్టు రాసి ఉంటే, పైన ఉండే సూక్ష్మజీవులు లోపలికి చేరి ఉంటాయి గనుక 145 కన్నా తక్కువలో దించనే కూడదు. అటువంటి బీఫ్ మీద ఆ సంగతి రాయడం అమెరికాలో 2016 నుంచి తప్పనిసరి.

పిల్లలు భయపడే ఆ ఎర్రని నీరు రక్తం కాదు. పశువును కోసినప్పుడే రక్తం దాదాపు అంతా పోతుంది. పళ్లెంలో కనిపించేది కండలో సహజంగా ఉండే నీరు, దానిలో కలిసిన మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రోటీన్. దించిన ముక్కను కోయకుండా ఎనిమిది, పది నిమిషాలు పక్కన ఉంచితే ఆ రసం చాలావరకు ముక్కలోనే నిలుస్తుంది, 145 డిగ్రీలకు రంగు కూడా లేత గులాబీకి మారుతుంది.

చివరికి కత్తి దగ్గరకు వచ్చాం. మీరు ఎలా కోశారో లేఖలో రాయలేదు గాని, పొడుగాటి పలకను చూసినప్పుడు పొడవునా చీరడం ఎవరికైనా సహజంగా తోస్తుంది. అలా కోస్తే ప్రతి ముక్కలోనూ పోగు ఆ కొస నుంచి ఈ కొస దాకా తెగకుండా మిగిలి, దాన్ని తెంపే పని పళ్ల మీద పడుతుంది. పోగుకు అడ్డంగా, కత్తిని కాస్త వాలుగా పట్టి, నాలుగైదు మిల్లీమీటర్ల మందాన కోస్తే ఆ పని కత్తే చేసిపెడుతుంది, అదే ముక్క నోట్లో రెండు నములుళ్లకు విడిపోతుంది. కాలి ఎర్రబడిన తరువాత పోగుల దారి సరిగా కనిపించదు. అందుకని పచ్చిగా ఉన్నప్పుడే ఒక మూలను పోగుకు అడ్డంగా కొద్దిగా కోసి గుర్తు పెట్టుకోండి. ఫ్లాంక్‌లో పోగులు పొడవునా ఉంటాయి, స్కర్ట్‌లో వెడల్పునా ఉంటాయి. స్కర్ట్ అయితే ముందు నాలుగంగుళాల తుండాలుగా చేసి, ఒక్కొక్క తుండాన్ని పక్కకు తిప్పి కోయాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో దొరికే పెద్దకూరతో స్టేక్ చేయాలని పచ్చి బొప్పాయి ముద్ద బాగా పట్టించి రాత్రంతా ఉంచాను. పైన గుజ్జులా అయిపోయింది, లోపల మాత్రం గట్టిగానే ఉంది. బొప్పాయి వేయకూడదా?
ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వేయవచ్చు, కాని మీ ముక్క మందానికి అది తగదు. పచ్చి బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైమ్ ప్రోటీన్‌ను ముక్కలు ముక్కలుగా తెంపుతుంది. అది కూడా పైపొర దాటి లోపలికి పోలేదు గనుక, రాత్రంతా ఉంచితే తాకినచోటనే పనిచేస్తూ పోయి గుజ్జు చేసింది. కాలుతున్నప్పుడు, ఎంజైమ్ పూర్తిగా చచ్చేంత వేడి వచ్చేలోగా, అది ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. నేనూ ఒకసారి పండుగనాడు ఇలాగే కిలో మాంసం పాడుచేసుకున్నాను, ఆ పూట చుట్టాలకు పప్పుచారే పెట్టవలసి వచ్చింది. మన ఊరి పత్థర్ కా గోష్త్‌లో బొప్పాయి ఎందుకు కుదురుతుందంటే, అక్కడ మాంసాన్ని ముందే పలచగా కోసి, కొట్టి, ఆ తరువాత గ్రానైట్ రాతి మీద కాలుస్తారు. మందమే లేనప్పుడు పైపొరే మొత్తం ముక్క. మీరూ అలాగే అర సెంటీమీటరు మందాన కోయించుకుని, అరకిలోకి ఒక పెద్ద చెంచా బొప్పాయి ముద్ద పట్టించి, రెండు గంటలకు మించకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. మందపాటి స్టేకే కావాలంటే కొట్టులో అండర్‌కట్ అని అడిగి తీసుకోండి. వెన్ను కింద ఉండి అంతగా పనిచేయని కండ కనుక దానికి బొప్పాయి అవసరమే లేదు, ఉప్పు, మిరియాల పొడి చాలు. మిగిలిన ముక్కలు వయసు మళ్లిన గేదెవైతే వాటిలో కొల్లాజెన్ బాగా ముదిరి ఉంటుంది; వాటిని స్టేక్ చేయాలని ప్రయత్నించకుండా కూరకు ఉంచుకోవడమే న్యాయం.

ప్రశ్న: ఊరబెట్టగా సంచిలో మిగిలిన మసాలా నీటిని స్టేక్ మీద పోసుకోవచ్చా?
మరొక పాఠకురాలు

జవాబు: పచ్చి మాంసం తగిలిన నీరు గనుక అలాగే పోసుకోకూడదు. చిన్న గిన్నెలో పోసి తెర్లే దాకా మరిగించి, ఒకటి రెండు నిమిషాలు అలాగే మరగనిస్తే వాడుకోవచ్చు. అయితే సోయా ఉన్న మసాలా మరిగేకొద్దీ ఉప్పు కషాయంలా అవుతుంది. అంతకన్నా మంచి మార్గం, పట్టించే ముందే మూడు చెంచాలు విడిగా తీసి ఉంచుకుని, స్టేక్ దించిన పెనంలో ఆ మసాలా, పావు కప్పు నీళ్లు పోసి, అడుగున అంటిన ఎర్రటి చెక్కును చెక్క గరిటెతో గీకి కలపడం. మాడకుండా ఎర్రగా ఉన్నంతవరకే ఆ చెక్కు రుచి. నల్లబడితే పెనం కడిగేసి ఆ రోజుకు నిమ్మచెక్క పిండుకోండి.