స్కేలింగ్ తర్వాత పళ్లు జివ్వుమంటుంటే

స్కేలింగ్ (పళ్లపై గట్టిపడిన పాచిని, అంటే గారను, తీసేయడం) చేయించుకున్నప్పటి నుంచి చల్లటి నీళ్లు తాగలేకపోతున్నారనీ, యంత్రంతో పంటి పైపొర గీరేశారేమోనని అనుమానంగా ఉందనీ అడిగారు. చాలా ఏళ్లుగా పేరుకున్న గార తీయించుకున్నాక నాకూ ఇదే ఇబ్బంది కలిగింది. కింది వరుస ముందుపళ్లకు లోపలివైపు కుండనీళ్లు తగిలినా, నోటితో గాలి పీల్చినా జివ్వుమనేది. లాలాజల గ్రంథుల నాళాలు నాలుక కింద, ఆ పళ్ల వెనకే తెరుచుకుంటాయి కనుక అక్కడి పాచి త్వరగా గట్టిపడి గారగా మారుతుందని మా దంతవైద్యురాలు చెప్పారు.

స్కేలింగ్ పరికరం కొన అతి వేగంగా కంపిస్తూ గారను పెచ్చులుగా ఊడగొడుతుంది. సరిగా వాడినప్పుడు అది ఎనామెల్‌ను, అంటే పంటి గట్టి పైపొరను, చెక్కేయదు. జివ్వుమనేది సాధారణంగా ఎనామెల్ లేని చోట, అంటే చిగురు కిందికి దిగిపోవడం వల్ల బయటపడిన వేరు భాగంలో. అక్కడి డెంటిన్ అనే లోపలి పొరలో కంటికి కనిపించని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి; చల్లదనం తగిలినప్పుడు ఆ ద్రవం కదిలి లోపలి నరాన్ని ప్రేరేపిస్తుంది. ఇన్నాళ్లూ గార ఆ వేరును దుప్పటిలా కప్పి ఉంచింది. పైగా శుభ్రం చేశాక చిగుళ్ల వాపు తగ్గి అవి బిగుసుకుంటాయి కాబట్టి ఇంకొంచెం వేరు బయటపడుతుంది. పళ్ల మధ్య కొత్తగా సందులు వచ్చినట్టు అనిపించడానికీ కారణం ఇదే.

చాలామందికి ఇది కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో సర్దుకుంటుంది. నాకు ఉపయోగపడింది 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు. దాని ప్రభావం పూర్తిగా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు కాబట్టి, మూడో రోజుకే పనిచేయలేదని మానేయకండి. తోముకున్నాక నురుగు ఉమ్మేసి, వెంటనే నీళ్లతో పుక్కిలించకుండా ఉంటే మందు పళ్లపై కాసేపు నిలుస్తుంది. మెత్తటి బ్రష్ వాడండి. ఉప్పు, బొగ్గు కలిపిన గరుకు పళ్లపొడులు వేరు భాగాన్ని అరగదీస్తాయి. నిమ్మరసం, సోడా వంటి పుల్లటివి తాగాక అరగంట ఆగి తోముకోవడం మేలు. లవంగనూనె రాయమని మా ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టారు గానీ, నాకు దానివల్ల చిగురు మండడం తప్ప ఒరిగిందేమీ లేదు.

అయితే వేడి తగిలాక నొప్పి చాలాసేపు వదలకపోయినా, నిద్రలో దానంతటదే లేచినా, ఒకే పన్ను కొరికినప్పుడు నొప్పి పెట్టినా అది స్కేలింగ్ తర్వాత వచ్చే మామూలు జివ్వుమనడం కాకపోవచ్చు. లోపల పుచ్చుగానీ పగులుగానీ ఉండవచ్చు కనుక ఆలస్యం చేయకుండా చూపించుకోండి. అలాంటి లక్షణాలేమీ లేకుండా నెల దాటినా చల్లదనానికి మాత్రం జివ్వుమంటూనే ఉంటే, వేరు బయటపడిన చోట ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం గురించి మీ డాక్టరుగారిని అడగండి. అది కుర్చీలో కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో చేసేసే పని.