వాట్సాప్‌లో అడిగిన ప్రశ్నకి ఏ టైం పట్టుకోవాలి?

మీరు డాలస్ నుంచి మెసేజ్ పెట్టారు, రాజమండ్రిలో సిద్ధాంతిగారు చాలాసేపటికి చూశారు. ప్రశ్న చక్రం, అంటే అడిగిన ప్రశ్నకి జవాబు చూడ్డానికి జ్యోతిష్కులు వేసే జాతక చక్రం, ఏ సమయానికి, ఏ ఊరికి వేయాలన్నది మీ సందేహం. మా ఇంట్లో పాటించే పద్ధతి చెప్తాను: ఆయన చదివి, మీరు అడిగింది ఏమిటో అర్థమైన క్షణం, ఆయన ఉన్న ఊరు. ఎదురుగా కూర్చుని అడిగితే మాట నోటి నుంచి వచ్చిన క్షణమే. ఫోన్లో అయినా అంతే, కాకపోతే ఊరు జవాబు చెప్పే జ్యోతిష్కుడిది.

ఈ తగువు వాట్సాప్‌తో మొదలైంది కాదు. మా పెదనాన్నకి ఇన్లాండ్ లెటర్లలో ప్రశ్నలు వచ్చేవి. పోస్టుమాన్ మధ్యాహ్నం ఇచ్చినా, సంధ్యావందనం అయ్యేదాకా విప్పేవారు కాదు. చదవడం పూర్తికాగానే గోడ గడియారం చూసి, ఉత్తరం మూలన పెన్సిల్‌తో టైం వేసేవారు. ఒకసారి చేతిరాత అర్థంకాక పావుగంట కుస్తీ పట్టారు. విప్పిన టైం రాయలేదు, విషయం బోధపడ్డాకే రాశారు. తపాలా ముద్ర మీది తేదీ వైపు చూసేవారే కాదు.

నేను మాత్రం తప్పు చేశాను. డిసెంబరు మొదట్లో మా చెల్లి పొలం కాగితాలు కనిపించడం లేదని రాత్రి 11:40కి మెసేజ్ పెట్టింది. నేను చూసింది పొద్దున 6:20కి. హైదరాబాద్‌కి చక్రం వేస్తే లగ్నం, అంటే ఆ క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశి, వృశ్చికం. ఫలితం నచ్చలేదు. పంపిన టైంకి వేశాను, సింహం వచ్చింది. లగ్నాధిపతి, అంటే ఆ రాశికి అధిపతి అయిన గ్రహం, కుజుడు కాస్తా రవి అయ్యాడు. తర్వాత చెల్లికి ఫోన్ చేసిన టైంకి మరొకటి! మూడు చక్రాలు పెట్టుకుని టెన్షన్‌తో కూర్చున్నాను, ఏమీ చెప్పలేకపోయాను. కాగితాలు వాళ్ళత్తగారే బీరువాలో పట్టుచీరల కింద నుంచి తీశారు. అప్పటినుంచి చదవగానే టైం రాసేసుకుంటున్నాను, రెండోసారి వేయను.

నిమిషాల గురించి మరీ కంగారు అక్కర్లేదు. లగ్నం సుమారు 4 నిమిషాలకి ఒక డిగ్రీ కదులుతుంది, రాశి మారడానికి దాదాపు 2 గంటలు. లగ్నం రెండు రాశుల సంధిలో ఉంటేనే చిక్కు. నవాంశ, అంటే రాశిలో తొమ్మిదో వంతు, చూసేవాళ్ళకి మాత్రం 13 నిమిషాలే గడువు. ఇక ఊరు మారితే గ్రహాలు మారవు, క్షణం ఒకటే కదా. మారేది లగ్నం, దానితో భావాలు, అంటే చక్రంలోని పన్నెండు ఇళ్ళు.

జ్యోతిషంలోనే మరో విధానమైన కృష్ణమూర్తి పద్ధతి వాళ్ళ దారి వేరు. మీ చేత 1 నుంచి 249 లోపు ఒక సంఖ్య చెప్పిస్తారు, లగ్నం దాన్నుంచే. గ్రహాలు మాత్రం జ్యోతిష్కుడు లెక్కకి కూర్చున్న సమయానివి. అక్కడ మీ మెసేజ్ టైం ఎందుకూ పనికిరాదు.

మీ సిద్ధాంతిగారిని ఏ టైం తీసుకున్నారో అడగండి, తప్పుగా అనుకోరు. జవాబు రాకముందే అదే ప్రశ్న ఇంకొకరికి పంపకండి. మా పెదనాన్న అలాంటి ఉత్తరాలు మడిచి పక్కన పడేసేవారు.