ఖాకీ చొక్కాలు తీసేయండి, బస్సు సీట్లు వేయండి

గజ్జెల గది: పాఠకుల ప్రశ్నలకు మా నాట్యం టీచర్‌గారి జవాబులు

ప్రశ్న: టీచర్‌గారూ, నమస్కారం. చిన్నప్పటినుంచి కూచిపూడి నేర్చుకున్నాను. ఇప్పుడు తరమణిలో ఐటీ ఉద్యోగం. మా వీధిలో తెలుగు, తమిళ పిల్లలం కలిసి 2015 శేషాచలం కాల్పుల మీద ఒక ప్రదర్శన తయారు చేస్తున్నాం. మాలో ఒకమ్మాయిది తిరువణ్ణామలై దగ్గరి జవ్వాదు కొండల వైపు ఊరు. ఇద్దరు అబ్బాయిలు ఖాకీ చొక్కాలేసుకుని బొమ్మ తుపాకులతో కాల్చే సీను ఉండాల్సిందే అంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. పైగా ఆ రోజు కాల్చినవాళ్ళు మాట్లాడే భాష నాది. ఇది నేను చేయొచ్చా? అసలిది డాన్సేనా? పోలీసులు పట్టుకెళ్తారని అమ్మకి ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: డాన్సేనా కాదా అనే తగువు సభల్లో కండువాలు కప్పుకునేవాళ్ళకి వదిలేద్దాం. నాకు అంత ఓపిక లేదు.

ముందు ఆ తుపాకుల సంగతి. తీసేయించు. స్టేజీ మీద తుపాకీ పట్టుకున్నవాడు ఉంటే కళ్ళన్నీ వాడి మీదే. చచ్చినట్టు పడ్డవాడు ఊపిరి బిగబట్టుకుంటాడు. ముందు వరసలో పిల్లలు వాడి పొట్ట కదులుతోందా లేదా అని చూస్తూ ఉంటారు. ఇరవై మంది చావు వేళాకోళం అయిపోతుంది. తుపాకీకి బదులు పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తే శిఖర హస్తం పట్టినా అంతే. దెబ్బ కొట్టేవాణ్ణి మనం ఎంత బాగా ఆడితే వాడు అంత హీరో అవుతాడు. ఇంతమంది శిష్యుల్ని చూశాను, రాక్షస పాత్ర వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

మరి ఏం చూపించాలి? ఆ రోజు విషయాలే తిరగేసి చూడు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఆంధ్రప్రదేశ్ టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల పేద కూలీలు. ఎర్రచందనం దొంగలు మా మీద దాడి చేశారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అని పోలీసులన్నారు. అయితే ప్రాణాలతో బయటపడ్డ ఒకతను వేరే మాట చెప్పాడు. తనతోపాటు ప్రయాణిస్తున్నవాళ్ళని బస్సులోంచి దింపి తీసుకెళ్ళారనీ, తాను ఒక ఆడమనిషి పక్కన కూర్చుని ఉండటంతో ఆ గుంపులోవాడు కాదనుకుని వదిలేశారనీ. అప్పట్లో పేపర్లన్నీ రాశాయి.

నువ్వు నాట్యం నేర్చుకున్నదానివి, చెప్పు, దీనికి తుపాకీ ఎందుకు? కుర్చీలు జంటలు జంటలుగా వేయండి. బస్సు కుదుపు అందరి ఒంట్లో ఒకే లయలో నడవనీ. ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోతుంటే ఆ కుదుపు మాత్రం ఆగకూడదు. మిగిలిన ఇద్దరు, అతనూ పక్కనున్న ఆమే, ముఖాముఖాలు చూసుకోకుండా అదే తాళంలో ఊగుతూ ఉండాలి. ఖాళీ కుర్చీలు తీయొద్దు, చివరిదాకా ఉండనివ్వండి. ఎదురుగా లేని మనిషి ఉన్నట్టు నిలబెట్టడం మన విరహ నాయికలతో నువ్వు సాధన చేసిందే. ఇక్కడ వాడుకో.

చిలీ ఆడవాళ్ళు సరిగ్గా ఈ పనే చేశారు. అక్కడ క్వెకా అని జంటగా చేసే నాట్యం ఉంది, ఆడా మగా చేతిరుమాలు ఊపుతూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. పినోచే సైనిక ప్రభుత్వం ఎంతోమందిని పట్టుకెళ్ళి మాయం చేసింది. వాళ్ళ భార్యలూ తల్లులూ 1978 మార్చి 8న శాంటియాగోలో ఒక నాటకశాలలో ఆ నాట్యాన్ని ఒంటరిగా చేశారు. పోయినవాళ్ళ ఫోటో గుండె మీద పిన్నుతో పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే పినోచే అదే క్వెకాని జాతీయ నృత్యంగా ప్రకటించాడు! ఇక జంట నాట్యాన్ని ఒంటరిగా ఆడిన ప్రతిసారీ రెండోవాడేడని ఆయన్నే అడిగినట్టయింది.

2019 నవంబరులో అదే దేశంలో, వల్పరైసోలో మొదలైన ఇంకో ప్రదర్శన లోకమంతా తిరిగింది. ఆడవాళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని వీధిలో బారులు తీరి పోలీసుల్నీ జడ్జీల్నీ ప్రభుత్వాన్నీ వేలెత్తి చూపించారు. మధ్యలో చేతులు తల వెనక పెట్టుకుని గుంజీళ్ళు తీస్తారు. స్టేషన్లో సోదా పేరుతో పోలీసులు ఆడవాళ్ళ చేత బట్టలిప్పించి తీయించే గుంజీళ్ళు అవి. అక్కడ కూడా పోలీసు వేషం ఎవరూ వేయలేదు, గమనించు. ఒంటికి జరిగినదాన్ని ఆ ఒళ్ళే పదిమందిలో మళ్ళీ చేసి చూపించింది. డాన్సు రానివాళ్ళు కూడా ఒక్క పూటలో నేర్చుకోగల అడుగులు. మీ వీధి పిల్లలకీ అలాంటివే కావాలి. పదేళ్ళ కూచిపూడి వాళ్ళ మీద రుద్దకు.

భాష విషయం. సిగ్గుపడి తప్పుకోవాల్సిన పని లేదు, కానీ బాధితుల పాత్ర మాత్రం నువ్వు తీసుకోకు. బస్సులోంచి దింపే గొంతు నీదవనీ, అదీ తెలుగులోనే. చూసే మన తెలుగువాళ్ళకి కుర్చీలో కాస్త ఇబ్బందిగా ఉండాలి కదా. జవ్వాదు కొండల అమ్మాయి ద్వారా, కుదిరితే చనిపోయినవాళ్ళ కుటుంబాల్లో ఎవరినైనా కలిసి, మీరు ఏం చేయబోతున్నారో ముందే చెప్పండి. వద్దంటే ఆ భాగం తీసేయాలి. కళాస్వేచ్ఛ అని వాళ్ళ దగ్గర ఉపన్యాసం మొదలుపెట్టొద్దు.

ఇక అమ్మగారి టెన్షన్. అది ఉత్తినే కాదు. మీ చెన్నైలోనే బెసంట్ నగర్‌లో ఉండిన నర్తకి చంద్రలేఖ మీద, ఆవిడ సహచరుడు సదానంద్ మీనన్ మీద 1982లో రాజద్రోహం కేసు పెట్టారు. అది నిలబడలేదు. మూడేళ్ళకి ఆవిడ భరతనాట్యాన్నీ కేరళ యుద్ధవిద్య కలరిపయట్టునీ కలిపి కొత్త దారిలో నడిచింది. 1954 నాటి తమిళనాడు నాటక ప్రదర్శనల చట్టం కింద నాటకం రాతప్రతి ముందుగా పోలీసులకి చూపించాల్సి వచ్చేది. నాటకకర్త జ్ఞాని కోర్టుకెక్కితే, 2013లో మద్రాసు హైకోర్టు అందులోని ముఖ్యమైన సెక్షన్లు కొట్టేసింది. కాబట్టి స్క్రిప్టు పట్టుకుని స్టేషన్ మెట్లెక్కక్కర్లేదు. బీచ్‌లోనో రోడ్డు మీదో జనాన్ని పోగేస్తే మాత్రం నగర పోలీసు చట్టం సెక్షన్ 41 కింద అనుమతి కావాలి. రాతపూర్వకంగా అడగండి, ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి. మొదటిసారి కాబట్టి ఏదైనా హాల్లోనో మేడ మీదో పెట్టుకోమనే నా సలహా. అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టు.

ప్రశ్న: అమెరికా, మెక్సికో సరిహద్దు కంచెకి అటూ ఇటూ నిలబడి జనం డాన్స్ చేస్తారని మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు. నిజమేనా? దానివల్ల ఒరిగేదేముంది?
– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: నిజమేనండి. శాండియాగో, తిహువానా ఊళ్ళ మధ్య ఫ్రెండ్‌షిప్ పార్కని ఒకటుంది. 1971లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ప్యాట్ నిక్సన్ ప్రారంభించినప్పుడు అక్కడ ముళ్ళతీగ తప్ప ఏమీ లేదు. తర్వాత చిటికెన వేలి కొన మాత్రమే పట్టే సన్నటి జల్లెడ కంచె వచ్చింది. విడిపోయిన కుటుంబాలు ఆ వేళ్ళే తాకించుకునేవి. 2008 నుంచి ఫాందాంగో ఫ్రాంతెరీసో పేరుతో రెండువైపులా వాద్యగాళ్ళు చేరి, మెక్సికోలోని వేరాక్రూస్ ప్రాంతపు పాటలు పాడుతూ, చెక్కపలక మీద పాదాలతో తాళం వేస్తూ ఆడటం మొదలుపెట్టారు. చెక్క మీద అడుగు చప్పుడుకి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఒకవైపు పాట ఎత్తుకుంటే రెండోవైపు అందుకునేవారు.

ఒరిగిందేమిటంటారా, కంచె కూలలేదు. వాఘాలో 1959 నుంచి రోజూ సాయంత్రం రెండు దేశాల జవాన్లు కాళ్ళెత్తి నేలకేసి కొడుతున్నారు, మనం చప్పట్లు కొట్టి వస్తున్నాం. అక్కడ మాత్రం ఈ ప్రశ్న ఎవరికీ రాదేం?