మాత్ర వేసుకోకుండా మామోగ్రామ్ నొప్పి తగ్గించుకోవడం ఎలా?

పోయినసారి మామోగ్రామ్‌లో, అంటే రొమ్మును రెండు ప్లేట్ల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రేలో, చాలా నొప్పి పుట్టిందని, ఈసారి మాత్ర వేసుకోకుండా ఎలా తట్టుకోవాలని అడిగారు కదా. నా అనుభవంలో అన్నిటికంటే తేడా చూపించేది మనం వెళ్లే రోజే. నెలసరి ఇంకా వస్తుంటే అది అయిపోయాక వచ్చే వారంలో డేట్ తీసుకోండి. నెలసరికి ముందు వారం రొమ్ములు బరువెక్కి ముట్టుకుంటేనే సలుపుతుంటాయి, అలాంటప్పుడు తీసుకెళ్లి ప్లేట్ల మధ్య పెడితే నొప్పి పుట్టక ఏమవుతుంది!

గదిలోకి వెళ్లగానే టెక్నీషియన్‌తో "పోయినసారి బాగా నొప్పి పుట్టిందండీ, మెల్లగా నొక్కండి, ఆపమంటే ఆపండి" అని చెప్పేయండి, మొహమాటపడొద్దు. భుజం పట్టేసినా, రొమ్ములో ఇంప్లాంట్ ఉన్నా అప్పుడే చెప్పాలి. కొన్ని సెంటర్లలో ప్లేటు మీద మెత్తటి ప్యాడ్ వేస్తారు, కొన్ని మెషీన్లలో చివరి ఒత్తిడిని మనమే పెంచుకోవచ్చు. ఉందేమో అడగండి.

నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది పక్క నుంచి ఏటవాలుగా తీసే ఫొటో. ప్లేటు అంచు చంకలో గుచ్చుకుంటుంది, మనకు తెలియకుండానే భుజం చెవి దాకా లేచిపోతుంది, దాంతో ఛాతీ కండరం బిగుసుకుని నొప్పి ఇంకా పెరుగుతుంది. అప్పుడు భుజం కిందికి వదిలేసి, హ్యాండిల్‌ను గట్టిగా కాకుండా ఊరికే పట్టుకుని, వెనక్కి లాక్కోకుండా మెషీన్ వైపు కాస్త వాలండి. ప్లేటు దిగుతున్నప్పుడు నోటితో నెమ్మదిగా ఊపిరి వదలండి. ఊపిరి బిగబట్టమనేది ఫొటో తీసే ఆ కాసేపే. మామూలుగా ఒక్కో రొమ్ముకి రెండు ఫొటోలు, గట్టిగా నొక్కి ఉంచేది ఒక్కోసారి కొన్ని సెకన్లే.

అసలు నొక్కకుండా తీయమని మాత్రం అడగకండి. అలా నొక్కి పరిస్తేనే లోపలిది స్పష్టంగా కనిపిస్తుంది, రేడియేషన్ కూడా తక్కువ సరిపోతుంది. ఆ రోజు డియోడరెంట్, పౌడర్ వద్దు, అవి ఫొటోలో కాల్షియం చుక్కల్లా (డాక్టర్లు అనుమానంగా చూసే తెల్ల చుక్కల్లా) కనిపించొచ్చు, మళ్లీ తీయాల్సి వస్తే మళ్లీ నొక్కించుకోవాలి.

తర్వాత కాస్త నొప్పిగా ఉంటే చల్లటి గుడ్డ పెట్టుకోండి, వదులుగా ఊగకుండా పట్టి ఉంచే మెత్తటి బ్రా వేసుకోండి. ఇంకొకటి, డేట్ మార్చుకోవడం ఏ లక్షణాలూ లేకుండా ముందుజాగ్రత్తగా చేయించుకునే మామూలు స్క్రీనింగ్‌కే. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం కారినా నెలసరి లెక్కలు చూసుకుంటూ కూర్చోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.