దాచుకోవడానికి ఏమీ లేనివాళ్లకు ప్రైవసీ గురించి టెన్షన్ ఎందుకు?

"నేను తప్పు పనులేవీ చేయడం లేదు. నా నంబరు, వయసు, ఊరు ఎవరికో తెలిస్తే వచ్చే నష్టమేంటి?" అని మీరడిగారు. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి. పైగా అలాంటి వివరాలు ఏరి వేరుచేసి జీతం తీసుకున్నవాణ్ణి.

డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. పేరు అనవసరం. పొద్దున్నే ఎక్సెల్ షీట్లు వచ్చేవి. ఎక్కణ్ణుంచి వచ్చాయో పైవాళ్లు చెప్పేవాళ్లు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. పేరు, ఫోన్ నంబరు, వయసు, పిన్‌కోడ్. రెండుసార్లు వచ్చినవి తీసేసి, ఎవరు లోన్ తీసుకునేలా ఉన్నారో, ఎవరు పాలసీ కట్టేలా ఉన్నారో చూసి చివరి కాలమ్‌లో ఎ, బి, సి అని వేయాలి. ఫోన్లు చేసే అమ్మాయిలకు ముందు ఎ లిస్టు వెళ్తుంది. మధ్యాహ్నానికల్లా అవి మనుషుల పేర్లన్న సంగతే మర్చిపోయేవాణ్ణి. ఉల్లిపాయలు ఏరినట్టే, మంచివి ఇటు, కుళ్లినవి అటు.

ఒకరోజు వరంగల్ పిన్‌కోడ్‌తో ఫిల్టర్ పెడితే మా నాన్న నంబరు కనబడింది. పేరులో ఒక అక్షరం తప్పు. వయసు 58. పక్కన "షుగర్ ఉంది, పాలసీ లేదు". ఆ పక్క గడిలో నాలాంటివాడెవడో ముందే రాసిపెట్టాడు: "భయపెడితే తీసుకుంటాడు".

బయటికొచ్చి ఫోన్ చేశాను.

"నాన్నా, షుగర్ టెస్ట్ ఎక్కడన్న చేయించుకున్నవా?"

"గుడి కాడ ఫ్రీ క్యాంపు పెట్టిన్రు. పేరు, నంబరు రాసుకున్నరు. నీకెవరు చెప్పిన్రు? అమ్మకు చెప్పకు."

అమ్మకు కూడా చెప్పని జబ్బు అమీర్‌పేటలో మా ఎనిమిది మందికీ తెలుసు. లోపలికెళ్లి ఆ వరస డిలీట్ చేశాను. నాన్నది ఒక్కటే. మిగతావాళ్లకు ఎ, బి, సి వేసి సాయంత్రానికి పంపించేశాను. ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

మీ ప్రశ్నకు నా జవాబు కూడా అందులోనే ఉంది. నాన్న దాచుకోవాల్సిన తప్పు పనేదీ చేయలేదు. వివరం బయటికి పోవడం ఒక ఎత్తు, దాన్ని చూసి ముక్కూమొహం తెలియనివాడు మన మీద ఒక ముద్ర వేయడం ఇంకో ఎత్తు. ఆ ముద్ర మనకు కనబడదు, కాబట్టి "అది తప్పు" అనే అవకాశమే ఉండదు.

ఇదంతా ప్రైవేటు ఆఫీసుల గోలే అనుకోకండి. తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ ఉంది. వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను కలిపి ఎవరు ఎవరో గుర్తిస్తుంది. రేషన్ కార్డుల ఏరివేతకూ దాన్ని వాడారు. పేరు కలిసిందని ఎవరిదో కారు ఇంకెవరి లెక్కలోనో పడితే పోయేది బియ్యం. రాష్ట్రంలో రద్దయిన కార్డులు దాదాపు 19 లక్షలు. ఇంటికెళ్లి చూసి మళ్లీ పరిశీలించండని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇంటికెళ్లి చూడటం అనే పాత పద్ధతి ముందే పాటించి ఉంటే సరిపోయేది కదా అనిపిస్తుంది నాకు.

చట్టం మాటకొస్తే, ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో. మన వివరాలు సరిచేయమని, తీసేయమని అడిగే హక్కు అందులో ఉంది. కాకపోతే ఆ హక్కూ, కంపెనీల బాధ్యతల్లో చాలావరకూ అమల్లోకి రావడానికి రూల్స్ వచ్చినప్పటి నుంచి 18 నెలల గడువిచ్చారు.

నేను చేసేది చెప్తాను. షాపులో బిల్లు దగ్గర నంబరు అడిగితే "వద్దండీ" అంటాను. మొదట్లో మొహమాటంగా ఉండేది, ఇప్పుడు లేదు. లోన్ యాప్ కాంటాక్ట్స్ అడిగితే ఆ యాప్‌నే తీసేస్తాను. అలా కాంటాక్ట్స్ చూడకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. ఫ్రీ క్యాంపుల్లో ఫారం నింపేముందు ఎవరు పెట్టారో అడుగుతాను.

నాన్నకు మాత్రం ఫోన్లు ఆగలేదు. నేను తీసేసింది ఒక్క షీట్లోనే కదా. మొన్న ఎవరో అమ్మాయి పేరు పెట్టి పలకరించి, "షుగర్ ఎట్లుందండీ ఇప్పుడు?" అని అడిగిందట. "ఎంత మర్యాదగా మాట్లాడిందిరా" అని నాకు ఫోన్ చేసి మరీ మురిసిపోయాడు.