తాతగారి 1971 ఉత్తరాలు: పోస్ట్ చేసే ముందు
అక్కా, తాతగారు 1971 యుద్ధంలో ఉండగా రాసిన ఇన్‌ల్యాండ్ లెటర్లు ఆన్‌లైన్‌లో పెడదామంటే బాబాయి ఒప్పుకోవట్లేదు, పైగా మడతల దగ్గర చిరుగుతున్నాయి అన్నారు కదా. ముందు ఆ చిరుగులకి సెల్లోటేప్ అస్సలు వేయకండి, లామినేషన్ కూడా వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకి పసుపెక్కి కాగితంలోకి దిగిపోతుంది, ఇక తీయలేం. మెల్లగా విప్పి ఫ్లాట్‌బెడ్ స్కానర్ (గాజు పలక మీద కాగితం పరిచేది) మీద 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో), రంగుల్లో, రెండు వైపులా స్కాన్ చేయండి. చిరునామా వైపు వదిలేయొద్దు, ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం తపాలా కార్యాలయం) ముద్ర, తేదీ, '56 ఏపీఓ' (ఆర్మీ పోస్టాఫీసు నంబరు) లాంటివి ఉండేది అక్కడే, లోపల తాతగారు ఎక్కడున్నారో రాయకపోయినా ఆ ముద్రని బట్టి చరిత్రకారులు చాలా చెప్పగలరు.

ఇక బాబాయి సంగతి. కాగితాలు మీ బీరువాలో ఉన్నా కాపీరైట్ రాసినవారిది, వీలునామాలో వేరేగా లేకపోతే ఆయన తర్వాత వారసులందరిదీ. కాబట్టి బాబాయి మాట కాదని పెట్టకండి. నా సలహా, పక్కన కూర్చుని ఒక్కో ఉత్తరం చదివి వినిపించండి, అప్పుల గొడవలు, చనిపోయిన తోటి జవాన్ల పేర్లు వచ్చిన చోట ఏది ఆపాలో ఆయన్నే చెప్పనివ్వండి. ఒప్పుకున్నవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో (ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం) పెట్టండి, కింద మొత్తం తెలుగులో టైప్ చేసి.