తాతయ్య చేత నిఘంటువు చదివించకు

తమ్ముడూ,

నీ నవల మొదటి అధ్యాయం చదివాను. "వంశం అంటే సంస్కృతంలో వెదురు" అని తొలి పేజీలోనే తాతయ్య చేత చెప్పించావు. నిజమే, వెదురులో కణుపు మీద కణుపు లేచినట్టు తరం మీద తరం అన్న ఊహ అందులో ఉంది, వేణువుకి వంశి అన్న పేరూ ఆ వెదురు వల్లే వచ్చింది. కానీ పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న ముసలాయన మనవడితో ఇలా మాట్లాడతాడా చెప్పు? "వంశం నిలబెట్టాల్రా" అంటాడు. లేదా రెండోసారీ ఆడపిల్లే పుట్టిందని మొహం ముడుచుకుని బయటికెళ్లిపోతాడు. ఆ మాట ఇంట్లోవాళ్ల మీద ఎంత బరువేస్తుందో అప్పుడు కదా తెలిసేది.

పాత అర్థాలు తవ్వొద్దనను. గోత్రం అంటే ఋగ్వేదంలో ఆవుల దొడ్డి, పాణిని దగ్గరికొచ్చేసరికి మనవడి నుంచి కిందికి సాగే సంతానం. కులం అంటే సంస్కృతంలో మంద, కుటుంబం కూడా; మన ఊళ్లో "మీరేవిట్లు?" అని అడిగేవాడికి కావాల్సింది మాత్రం అది కాదు. ఇదంతా నీకు తెలిసుంటే చాలు, పాత్రలకి తెలియక్కర్లేదు.

నీది రెడ్ల కథ కాబట్టి పిచ్చిగుంట్ల వాళ్ల గురించి తెలుసుకో. ఇళ్లకొచ్చి గోత్రాలూ ఇంటిపేర్లూ కథగా పాడి, ఇచ్చింది తీసుకెళ్లేవాళ్లు. ప్రభుత్వ జాబితాలో వాళ్ల పేరు ఇప్పుడు వంశరాజ్. ఊరోళ్ల వంశాలన్నీ నోటికి పట్టుకుని, తమకంటూ సెంటు భూమి లేకుండా తిరిగే మనిషి ఒకడు నీ నవల్లోకి వస్తే, నాకైతే తాతయ్య కన్నా వాడి మీదే ఆసక్తి.

పెళ్లి అధ్యాయం కూడా హడావుడిగా లాగించేశావు. కన్యాదానంలో పురోహితుడు రెండువైపులా ముత్తాత, తాత, తండ్రి పేర్లు చదువుతాడు కదా, అందులో ఒక్క తల్లి పేరూ ఉండదు. తర్పణాలు వదిలే ఇళ్లల్లో అయితే తల్లినీ, నానమ్మనీ, ఆవిడ అత్తగారినీ పేరు పెట్టి పిలుస్తారు, అంటే పోయాక. మీ తాతయ్యకి, కథలో ఆయనకి కాదు, నిజం తాతయ్యకి, వాళ్ల నానమ్మ పేరు గుర్తుందేమో ముందు అడుగు. గుర్తులేకపోతే మరీ మంచిది, ఆ అధ్యాయం అక్కడ మొదలుపెట్టు.

తిరగరాశాక పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్లు లాగేస్తున్నాయి.